మూడో టేబుల్, పదకొండింటికి

మనిషి కనిపెట్టిన వాటన్నిటిలోకి గొప్పది వంతు. నిప్పు, చక్రం దాని తర్వాతే. నిప్పు పిడుగు పడినా పుడుతుంది. గుండ్రాయి ఎవరూ నేర్పకుండానే దొర్లుతుంది. తన వంతు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడటం మాత్రం మనిషికే చేతనవును (అందరు మనుషులకూ కాదు, శామీర్‌పేట దగ్గర టోల్ గేటు ముందు పది నిమిషాలు నిలబడితే ఆ సంగతి తెలుస్తుంది).

తూంకుంటలో కరీంనగర్ రోడ్డు మీద టైల్స్, కుళాయిలు అమ్మే దుకాణం ఒకటుంది. దాని పై అంతస్తులో పూల్ హాలు. అక్కడ వంతు అనే విద్య చాలాకాలం నీలి సుద్ద బిళ్లలతో నడిచింది. కర్ర మొనకు రాసుకునే ఆ బిళ్లను, ఆడదలచుకున్నవాడు టేబుల్ అంచు మీద పెట్టేవాడు. దాని పక్కన ఇంకొకడు తన బిళ్ల పెట్టేవాడు. ఆట ముగియగానే ముందు బిళ్ల ఎవరిదో వాడు లేచేవాడు. గెలిచినవాడు టేబుల్ దగ్గర ఉండేవాడు, ఓడినవాడు బెంచీ మీదికి పోయేవాడు. రసీదు లేదు, సంతకం లేదు, తగాదా లేదు. ఇంత సవ్యంగా నడిచేది ఏదైనా పెద్దల కంట పడకుండా ఎక్కువకాలం ఉండదు.

పడిన కన్ను వెంకటేశ్వరరావుది. గోదావరి జిల్లాలో పుట్టి, ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు ఆడిట్ విభాగంలో రిటైరై, తూంకుంట కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. లేఅవుట్‌లో కుక్కలకు, కొబ్బరిచెట్లకు, క్లబ్‌హౌసుకు (అది ఇంకా కట్టలేదు) నియమావళులు రాయడం అయిపోయాక ఆయనకు తీరిక దొరికింది. ఒక సాయంత్రం పూల్ ఆడదామని మెట్లెక్కి, వరసగా ఉన్న సుద్ద బిళ్లలు చూసి, కర్ర ముట్టుకోకుండానే అడిగాడు.

"దీనికి రికార్డు ఏదండీ?"

హాలు యజమాని షాహబాజ్ అలియాబాద్ వాడు. మామిడితోటలు గుత్తకు పట్టే ఇంట్లో పుట్టి, కాయ లెక్కలకు విసిగి, రంగు బంతుల్లోకి దిగాడు.

"రికార్డెందుకు సార్? మూడు టేబుళ్లు, పది మంది మనుషులు. మొకం జూస్తే తెలుస్తది."

"అదేనండీ సమస్య. రికార్డు లేదు కాబట్టే పది మంది."

షాహబాజ్‌కు ఆ మాటలో ఏదో పెద్ద భవిష్యత్తు వినబడింది. నెల తిరక్కుండా తూంకుంట-శామీర్‌పేట పూల్ క్రీడా సమన్వయ సంఘం పుట్టింది. అధ్యక్షుడు వెంకటేశ్వరరావు. సంఘానికి ఒక యాప్, యాప్‌కు నలభై ఏడు నియమాలు. యాప్ చేసింది రావు మేనల్లుడు. అతను బెంగళూరులో ఉంటాడు, పూల్ టేబుల్ ఎప్పుడూ చూడలేదు, అందువల్ల నిష్పక్షపాతంగా చేశాడు. సుద్ద బిళ్లలను స్వాధీనం చేసుకుని, ఒక్కొక్కదానికి నంబరు వేసి, గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. (సుద్ద కావలసినవారు యాప్‌లో కోరవచ్చు. మూడు పనిదినాల్లో అందుతుంది.)

ఈ ఏర్పాటు వల్ల లోకంలో ఎవరికీ నష్టం లేదు, గౌరయ్యకు తప్ప.

గౌరయ్యకు అరవై మూడేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు మేడ్చల్ నుంచి బస్సు తోలాడు. భార్య శంకరమ్మ పోయిన నాలుగో నెలలో వంటింటి కుళాయి కారుతుంటే, వాషర్ కోసం కింది దుకాణానికి వచ్చాడు. పైన ఏదో టక్కుమంది. మెట్లెక్కి చూశాడు. ఇది మూడేళ్ల కిందటి మాట. కుళాయి ఇప్పటికీ కారుతోంది.

ఆ రోజు నుంచి రోజూ పదకొండు గంటలకు కిటికీ పక్కనున్న మూడో టేబుల్ ఆయనది. పదకొండే ఎందుకంటే, ఇంట్లో మిగతా గంటలను ఎట్లాగో ఒకట్లా నెట్టవచ్చు. పదకొండింటికి శంకరమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి, వచ్చి గడప మీద కూర్చునేది. "జరసేపు ఏమన్న మాట్లాడరాదయ్యా" అనేది. ముప్పై నాలుగేళ్లు అన్నది. డ్యూటీ లేని రోజుల్లో గౌరయ్య ఆ వేళకు పేపర్ చదివేవాడు. ఇప్పుడు పేపర్ ఉంది, అడ్డం వచ్చేవాళ్లు లేరు. ఆయనే ఆ గంటకు ఇంట్లో ఉండలేడు.

ఆ వేళకు హాలులో కూడా ఎవరూ ఉండరు. అందుకని రెండు వైపులా తనే ఆడేవాడు. పూల్‌లో నిండు రంగు బంతులు ఒకరివి, చారల బంతులు ఇంకొకరివి. తనవన్నీ గుంతల్లో వేసుకుని చివరికి నల్ల బంతిని వేసినవాడిది గెలుపు. నిండు బంతులు గౌరయ్యవి, కుడి చేత్తో. చారల బంతులు శంకరమ్మవి, ఎడమ చేత్తో. ఎందుకంటే ఆమెది పుర్రచేతి వాటం. కాపురానికి వచ్చిన కొత్తలో ఎడమ చేత్తో అన్నం వడ్డించిందని అత్త గరిటె తిరగేసి ఆ చేతి మీద ఒకటి వేసింది. గౌరయ్య అప్పుడు తింటున్నాడు. తినడం ఆపలేదు.

షాహబాజ్ ఒక్కసారే అడిగాడు.

"కాకా, ఎడమ చెయ్యి దిక్కు ఎవలు?"

"మా ఇంటామె."

"గెలుస్తాందా?"

"ఎక్కువ ఆమెనే."

అబద్ధం కాదు. తన వంతులో గౌరయ్యది బస్సు లేటయినవాడి ఆట. చూసీ చూడకుండా కొట్టేస్తాడు. ఆమె వంతు వస్తే టేబుల్ చుట్టూ రెండు మార్లు తిరిగి, ఒంగి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి కొడతాడు. మనిషి ఉన్నప్పుడు దొరకని శ్రద్ధ మొత్తం పోగుపడి ఆ ఎడమ చేతిలోకి దిగింది.

ఇక పద్నాలుగో నియమం. సభ్యత్వం జోడీగా మాత్రమే ఇస్తారు. ఒక టేబుల్, ఇద్దరు ఆటగాళ్లు, రెండు ఫోన్లు, రెండు ఓటీపీలు. జోడీలో ఒకరు తప్పుకుంటే రెండోవారి సభ్యత్వం కూడా రద్దు. జోడీ లేనివాళ్లు ఒంటరి ఆటగాళ్ల నిరీక్షణ జాబితాలో ఉంటారు. ఆ జాబితాలో మొదటి వారానికే నలభై ఒక్క మంది చేరారు. వాళ్లలో ఇద్దరిద్దరు జత కడితే సరిపోతుంది కదా అని ఎవరో అమాయకుడు అడిగాడు. నిరీక్షణలో ఉన్నవారు సభ్యులు కారు, సభ్యులు కానివారితో ఎవరూ జత కట్టరాదు అని ఇరవయ్యో నియమం అతనికి చదివి వినిపించారు. అతను నలభై రెండోవాడుగా చేరాడు.

"నాకు జోడీ లేదు సారు," అన్నాడు గౌరయ్య.

"ఎవరో ఒకరు ఉండకపోరండీ," అన్నాడు రావు, జాలిగానే. "ఇంట్లో ఇంకో ఫోను లేదూ?"

ఉంది. శంకరమ్మది. లోకంలో ఆమె పేరు మీద ఉన్నది ఒక్క గ్యాస్ కనెక్షన్. దానికి ఆమె నంబరు ఇచ్చారు. నంబరు మార్చాలంటే కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లే స్వయంగా రావాలన్నారు. అందువల్ల శంకరమ్మ పోయింది కానీ ఆమె నంబరుకు పోయే వీలు దొరకలేదు. గౌరయ్య దానికి రీచార్జి చేయిస్తూ వస్తున్నాడు. సిలిండర్ వచ్చిన ప్రతిసారీ ఓటీపీ ఆమెకే వస్తుంది.

మర్నాడు రెండు జేబుల్లో రెండు ఫోన్లతో వచ్చి, బెంచీ మీద కూర్చుని నింపాడు. ఒకటో ఆటగాడు: గౌరయ్య. రెండో ఆటగాడు: శంకరమ్మ. ఎడమ జేబు మోగింది. అంకెలు కొట్టాడు.

"శంకరమ్మ గారూ, స్వాగతం. మీ కోసమే ఎదురుచూస్తున్నాం," అంది యాప్.

గౌరయ్య ఆ ఫోనును అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. (బ్యాటరీ ఆదా కోసం తెర అరనిమిషంలో ఆరిపోతుంది. ఆయన మళ్లీ మళ్లీ వేలితో తట్టాడు.)

ఆరు వారాలు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తర్వాత ర్యాంకులు వచ్చాయి.

ప్రతి ఆట ఫలితాన్నీ గెలిచినవారు తమ ఫోనులో నమోదు చేయాలి, ఓడినవారు తమ ఫోనులో ఒప్పుకోవాలి. హాలులో చాలామంది ఒప్పుకోకుండా వారాలు గడిపారు. గౌరయ్య మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసుకుంటూ పోయాడు. ఓటమి ఒప్పుకోవడంలో ఆయన చూపిన వేగాన్ని సంఘం ఒక తీర్మానంలో మెచ్చుకుంది. రెండు నెలలు తిరిగేసరికి ముప్పై మంది సభ్యుల్లో శంకరమ్మది రెండో ర్యాంకు. గౌరయ్యది ఇరవై తొమ్మిది. (ముప్పయ్యోది అధ్యక్షులవారిది.)

మొదటి ర్యాంకు అనూహ్యది. లేఅవుట్‌లో అమ్మానాన్నలతో ఉంటూ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసే పిల్ల. రోజూ పన్నెండు గంటల వంతు ఆమెది, సహోద్యోగి సుజిత్‌తో. పావుగంట ముందే వచ్చి బెంచీ మీద కూర్చునేది కాబట్టి రెండు చేతుల ఆట ఆమె చూసిందే. మొదట్లో ఆంటీ ఎప్పుడొస్తారని అడిగింది. "రాదు బిడ్డా," అన్నాడు గౌరయ్య. ఆ తర్వాత ప్రశ్న మార్చింది.

"అంకుల్, ఇవాళ ఆంటీ ఎలా ఆడారు?"

"రెండు బంతులు తప్పింది. మోకాలు నొస్తాంది ఆమెకు."

"మీరేమో మోకాలు బాగుండీ ఓడిపోయారా?"

"నాది ఎప్పుడు ఉన్నదే."

అంతలో రోడ్డు మీద ఫ్లెక్సీ లేచింది. మహిళా విభాగం ఫైనల్, అనూహ్య, శంకరమ్మల మధ్య, సోమవారం ఉదయం పదకొండింటికి, మూడో టేబుల్ మీద. పైన సంఘం పెద్దలు తొమ్మిది మంది నవ్వుతున్నారు. కింద ఒక మూల అనూహ్య ఫోటో. ఇంకో మూల, శంకరమ్మ ఫోటో అందనందున, గులాబీ పువ్వు. ఆమె ఫోనుకు సందేశం కూడా వచ్చింది: స్వయంగా హాజరు కాని క్రీడాకారిణి తప్పుకున్నట్టుగా భావించబడును.

తప్పుకుంటే జోడీ రద్దు. జోడీ రద్దయితే నలభై మూడో ఒంటరివాడు గౌరయ్య. పదకొండింటికి మళ్లీ ఇల్లు, పేపరు, కుళాయి చప్పుడు. ఆయన చొక్కా మార్చుకుని అధ్యక్షుడి ఇంటికి వెళ్లాడు.

"సారు, శంకరమ్మ రాదు."

"ఎందుకు రారండీ? ఊళ్లో లేరా?"

"లేదు."

"ఎప్పుడొస్తారు?"

"పోయి మూడేండ్లు దాటింది సారు. కాలం జేసింది."

వెంకటేశ్వరరావు చెడ్డవాడు కాదు. కళ్లజోడు తీశాడు. "అయ్యో, చాలా విచారమండీ," అని, దాన్ని తుడిచి, తిరిగి పెట్టుకున్నాడు. పెట్టుకోగానే మళ్లీ అధ్యక్షుడయ్యాడు.

"కానీ ఆవిడ నిన్న ఆడారండీ. పదకొండు నలభైకి గెలిచారు. రికార్డు ఉంది."

"గది నేనే సారు. ఎడమ చేత్తోటి."

"మీరు ఓడిపోయినట్టు ఉందండీ ఇక్కడ."

"ఓడిపోయింది గూడ నేనే."

రావు నియమావళి మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. కర్ర విరిగితే ఏం చేయాలో ఉంది. టేబుల్ గుడ్డ మీద చాయ్ ఒలికితే ఏం చేయాలో ఉంది. సభ్యులు చనిపోతే ఏం చేయాలో లేదు, ఎవరికీ తట్టలేదు. తప్పుకోవడానికి మాత్రం దరఖాస్తు ఉంది, దాని మీద సభ్యురాలి సంతకం ఉండాలి.

"నియమం రాసింది మీరే గద సారు. జర మార్చుండ్రి."

"నేను రాశానని నేనే మార్చేస్తే దాన్ని నియమం అనరండీ."

అయినా ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేనివాళ్లు ఆడుతున్న హాలుకు అధ్యక్షుడిగా ఉండటం ఆడిట్ మనిషికి చిన్న విషయం కాదు. తెల్లారేసరికి నలభై ఎనిమిదో నియమం తయారైంది: సోమవారం ఉదయం సభ్యులందరూ తాము బతికే ఉన్నామని యాప్‌కు ముఖం చూపి నిరూపించుకోవాలి. (పెన్షన్ తీసుకునేవాళ్లకు ఇది కొత్త కాదు. ఏటా ఒకసారి ఆ పరీక్షలో గట్టెక్కుతూనే ఉన్నారు, ఒక్కసారి తప్పేదాకా.) జోడీలో ఎవరైనా నిరూపించుకోలేకపోతే మిగిలినవారి సభ్యత్వం రద్దు. మిగిలింది మహిళ అయితే కొత్త జోడీ కోసం ముప్పై రోజుల గడువు. మగవాళ్లకు గడువు లేదు. వాళ్లకు అవసరం పడుతుందని సంఘం అనుకోలేదు.

సోమవారం గౌరయ్య సంచీలో శంకరమ్మ ఫోటో పెట్టుకుని వచ్చాడు. గోడ మీదిది. గంధపు దండతో సహా. షాహబాజ్ చూసి, బెంచీ మీది కర్రలు పక్కకు జరిపి చోటు చేశాడు. రావు ఈలతోనూ రిజిస్టరుతోనూ వచ్చాడు. ముఖాలు ర్యాంకుల వరసలో పిలిచారు. అనూహ్య అయింది. రెండోది శంకరమ్మ.

గౌరయ్య ఫోటోను కిటికీ దగ్గర నిలబెట్టి, ఆమె ఫోను దానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"ముఖానికి అడ్డుగా ఉన్న వస్తువులను తొలగించండి," అంది యాప్.

దండ తీశాడు.

"శంకరమ్మ గారూ, కళ్లు ఆర్పండి."

శంకరమ్మ ఆర్పలేదు.

"శంకరమ్మ గారూ, దయచేసి కళ్లు ఆర్పండి."

"ఆర్పదు, జిద్ది మనిషి," అన్నాడు గౌరయ్య, ఎవరికీ కాదు.

మూడోసారి చివరి అవకాశం అంది. ఫోను తప్పుగా పట్టుకున్నానేమో అని గౌరయ్య చూసుకోబోయి అటూ ఇటూ తిప్పాడు. ముందు వైపు కెమెరా తెరుచుకుంది. ఆయన ముఖం తెర నిండా పడింది. కిటికీలోంచి ఎండ కొడుతోంది. ఆయన కళ్లు ఆర్పాడు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు.

"ధన్యవాదాలు శంకరమ్మ గారూ," అంది యాప్. "మీరు సజీవంగా ఉన్నారు."

రావు రిజిస్టరులో టిక్కు పెట్టాడు. తెర మీద ఏది ఉంటే అది రాయడం ఆయన వృత్తి.

ఇరవై తొమ్మిదో పేరు వచ్చేసరికి పదకొండు కావస్తోంది. గౌరయ్య తన ఫోను తీసి, తన ముఖం చూపించాడు. ఈసారి యాప్ ఆలోచించింది.

"ఈ ముఖం ఇదివరకే శంకరమ్మ అనే సభ్యురాలి పేరున నమోదై ఉంది. ఇతరుల ముఖం వాడటం నేరం. గౌరయ్య అనే సభ్యుడు లేరని నిర్ధారించడమైనది."

షాహబాజ్ మెడ చాచి చదివాడు.

"కాకా, నువ్వు ఖతమ్."

"కనబడుతాంది."

వెంటనే ఎడమ జేబు మోగింది. గౌరయ్య లేని లోటు తీర్చలేనిదనీ, ఈ కష్ట సమయంలో సంఘం శంకరమ్మ వెంట ఉంటుందనీ, ముప్పై రోజుల్లో కొత్త జోడీని చూసుకోవాలనీ సందేశం. గౌరయ్య రెండుసార్లు చదివాడు. ఆయన పోయినందుకు ఎవరైనా విచారించడం అదే మొదలు.

"సార్, మనిషి ఎదురుంగనే ఉన్నడు గద," అన్నాడు షాహబాజ్, రావుతో.

"నేను కాదనడం లేదండీ. కానీ ఉన్నది ఆవిడ." రావు గొంతు సవరించుకున్నాడు. ఇబ్బంది పడుతున్నాడనే చెప్పాలి. "శంకరమ్మ గారూ, ఫైనల్‌కు మీరు సిద్ధమేనా?"

గౌరయ్య అటు చూడలేదు. కర్రల దగ్గరికి వెళ్లి తనదాన్ని తీసుకున్నాడు. కుడి చేతిలో ఒక్క క్షణం ఉంచుకుని, ఎడమ చేతికి మార్చుకున్నాడు.

"సిద్ధమే," అన్నాడు.

ఆ ఆట గురించి రికార్డులో ఉన్నది నాలుగు ముక్కలు. అనూహ్య అయిదు బంతులు వరసగా వేసింది, ఆరోది తప్పింది. శంకరమ్మ టేబుల్ చుట్టూ రెండు మార్లు తిరిగింది (ఆలస్యానికి హెచ్చరిక ఒకటి). ఏడు చారల బంతులూ, వాటి వెనక నల్ల బంతి, ఆగకుండా లోపలికి పోయాయి. రావు ఈల వేసి, కప్పు ఎవరి చేతికి ఇవ్వాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడి, చివరికి కిటికీ దగ్గర ఫోటో ముందు పెట్టాడు. అది మాత్రం ఏ నియమం ప్రకారమూ కాదు.

ఓడిన అనూహ్య తన ఫోను తీసింది.

"సుజిత్‌ని ఆఫీసుకి రమ్మన్నారు అంకుల్, రేపట్నుంచి రాడు. నాకూ జోడీ కావాలి." వేలితో ఏదో నొక్కింది. "ఆంటీకి ఓటీపీ వచ్చుంటుంది, చూడండి."

వచ్చింది.

అప్పటినుంచి ఆ ఇద్దరికీ రోజూ పదకొండింటికి మూడో టేబుల్. అనూహ్య కుడి చేత్తో, శంకరమ్మ ఎడమ చేత్తో. మొదటి రెండు రోజులు బంతుల చప్పుడే వినబడింది. మూడో రోజు ఆ పిల్ల కర్రకు ఆనుకుని నిలబడి, "ఏమైనా మాట్లాడచ్చు కదా అంకుల్," అంది. గౌరయ్య గురి పెట్టినవాడు అట్లాగే ఒంగి ఉండిపోయాడు. ఆ బంతి కొట్టలేదు. లేచి, కుళాయి సంగతి మొదలుపెట్టాడు. పన్నెండు దాటినా ముగియలేదు. ఇప్పుడు అత్తగారి గరిటె దాకా వచ్చాడట.

సంఘం వార్షిక నివేదిక ప్రకారం సభ్యులు ఇరవై ఎనిమిది మంది, అందరూ సజీవులు. గౌరయ్య పేరు లేదు. శంకరమ్మ పేరు మీద ఇప్పుడు లోకంలో రెండున్నాయి: ఒక గ్యాస్ కనెక్షన్, రోజుకు ఒక గంట. రెండోది ఆమె ముప్పై నాలుగేళ్లు అడిగింది. నోటి మాటగా అడిగినందువల్ల మంజూరు కాలేదు.